ఎడమ ముందు చక్రంలో లోపలి బ్రేక్ ప్యాడ్ ఒక్కటే ఎందుకు అరిగిపోతోంది?

పేట మాస్టారు
అందరికీ నమస్కారం. మాది నరసన్నపేట. బండి 2009 మోడల్ చిన్న పెట్రోల్ కారు. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఏబీఎస్ లేదు. కంపెనీ పేరు రాస్తే చర్చంతా మైలేజీ మీదికి పోతుందని రాయడం లేదు. రోజూ హైవే మీద శ్రీకాకుళం దాకా వెళ్లి వస్తుంటాను.

పోయిన ఏడాది ముందు ప్యాడ్లు నాలుగూ కొత్తవి వేయించాను. ఈ మధ్య ఎడమవైపు నుంచి సన్నగా కీచుమని శబ్దం వస్తుంటే చక్రం విప్పించి చూశాను. ఇనుప రేకు వదిలేసి, అరిగే మెటీరియల్ వరకే కొలిస్తే ఇలా ఉంది: ఎడమ లోపలి ప్యాడ్ 2 మి.మీ., ఎడమ బయటిది 5 మి.మీ., కుడివైపు రెండూ 7 మి.మీ. దగ్గర. మెకానిక్ "ప్యాడ్లు నాసిరకం, మార్చేద్దాం" అంటున్నాడు. నాసిరకమైతే నాలుగూ ఒకేలా అరగాలి కదా? మార్చే ముందు అసలు కారణం తెలుసుకోవాలని ఇక్కడ అడుగుతున్నాను.

గంటస్తంభం కుర్రాడు
మాస్టారూ, ముందు వీల్ అలైన్‌మెంట్ చేయించండి. ఒకవైపే అరుగుతోందంటే అదే అయ్యుంటుంది. మా మావయ్య బండికి విజయనగరంలో చేయించాం, సెట్ అయిపోయింది.

డిపో రిటైర్డ్
బాబూ, అలైన్‌మెంట్ తేడా వస్తే అరిగేది టైరు. ప్యాడ్‌కీ దానికీ సంబంధం లేదు. చక్రం ఏ కోణంలో ఉన్నా డిస్కు, ప్యాడ్లను దాని మీద నొక్కే కాలిపర్ రెండూ చక్రంతోపాటే ఒరుగుతాయి, వాటి మధ్య ఖాళీ మారదు. మీ మావయ్య బండికి అరిగింది టైరే అయ్యుంటుంది.

మాస్టారు గారూ, ప్యాడ్లు మార్చకుండా ఇక్కడికి రావడం మంచి పని. ముందు కొన్ని సంగతులు చెప్పండి. స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే బండి ఒకవైపు లాగుతోందా? లాగితే బ్రేకు తొక్కినప్పుడా, మామూలుగా వెళ్తున్నప్పుడా? హైవే మీద ఆగాక ఎడమ చక్రం దగ్గర మాడు వాసన వస్తోందా? బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు? ఎడమ లోపలి ప్యాడ్ ఒక చివర పలచగా, ఇంకో చివర మందంగా ఉందా?

కోట జంక్షన్ స్పేర్స్
ఇన్ని ప్రశ్నలు ఎందుకండీ. లోపలి ప్యాడ్ ఎక్కువ అరిగిందంటే పిస్టన్ వెనక్కి రావడం లేదు. డస్ట్ కవర్ చిరిగి, నీళ్లు పోయి, పిస్టన్‌కి తుప్పు పట్టి ఉంటుంది. కాలిపర్ కిట్ వేయించండి. బయటిది ఎక్కువ అరిగితే పిన్నులు పట్టేసినట్టు. మా కౌంటర్‌కి వచ్చే మెకానిక్‌లందరూ ఇదే లెక్క చెబుతారు.

కొత్తవలస లేత్
ఆ లెక్క సగమే. చిన్న కార్లలో పిస్టన్ లోపలివైపు ఒక్కటే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు కాలిపర్ బాడీ పిన్నుల మీద జరిగి, బయటి ప్యాడ్‌ను కూడా డిస్కు మీదికి లాక్కొస్తుంది. ఇప్పుడు పిన్నులు పట్టేశాయనుకోండి. బాడీ జరగదు. బయటి ప్యాడ్ పెద్దగా పని చేయదు, బ్రేకు భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. అరిగేది అదే. అంటే పిన్నులు పట్టినా లోపలి ప్యాడే ముందు పోవచ్చు.

కోట జంక్షన్ స్పేర్స్
మరి పిన్నులు పడితే బయటి ప్యాడ్ అరుగుతుందని అందరూ ఎందుకంటారు?

కొత్తవలస లేత్
పిన్ను ఏ స్థితిలో పట్టేసిందన్నదాన్ని బట్టి. బ్రేకు తొక్కి ఉన్న స్థితిలో బాడీ ఇరుక్కుపోతే వదిలాక కూడా బయటి ప్యాడ్ డిస్కును రాస్తూనే ఉంటుంది. అప్పుడు బయటిది అరుగుతుంది. అసలు లోపలికే జరగలేకపోతే లోపలిది అరుగుతుంది. ఏ ప్యాడ్ పోయిందో చూసి పార్టు చెప్పేస్తే సగంసార్లు తప్పు పార్టు కొంటాం.

డిపో రిటైర్డ్
ఇద్దరూ చెప్పినవి జరిగేవే. నేను అనేది ఏటంటే, మాస్టారు ఇచ్చిన కొలతల్లో తేడాలు రెండున్నాయి. వాటిని కలిపి చూడకండి. లోపల 2, బయట 5 అన్నది ఒక తేడా. ఎడమవైపు మొత్తం కుడికంటే ఎక్కువ అరగడం ఇంకో తేడా. ఎడమ బయటి ప్యాడ్‌ను గమనించండి, అది కూడా కుడివైపు వాటికంటే 2 మి.మీ. తక్కువే. ఒక్క పిన్నే కారణమైతే బయటి ప్యాడ్ కుడివైపు వాటికంటే బాగుండాలి, ఎందుకంటే అది పని తప్పించుకుంటోంది కదా. కానీ అదీ అరిగింది. అంటే ఎడమ చక్రం మీద బ్రేకు వదిలాక కూడా ఏదో పట్టి ఉంటోంది. రెండు కారణాలు ఉండొచ్చు.

బారువ ఒడ్డు
మాది సముద్రం పక్క ఊరు. పిన్నులు, పిస్టన్ రెండూ బాగానే ఉండి కూడా నా బండికి ఇలాగే అయింది. ప్యాడ్ చెవులు కూర్చునే స్టీలు క్లిప్పులు ఉంటాయి కదా, వాటి కింద బ్రాకెట్‌కి తుప్పు పట్టి ఉబ్బింది. క్లిప్పు పైకి లేచి ప్యాడ్ బిగుసుకుపోయింది. ఎంత బిగుసుకుందంటే సుత్తితో కొట్టి తీయాల్సి వచ్చింది. క్లిప్పులు తీసి, ఆకురాయితో తుప్పు గీకేసి కొత్త క్లిప్పులు వేస్తే చేత్తో నెడితే కదిలే స్థితికి వచ్చింది. ఉప్పుగాలి ఉన్న ఊళ్లలో ఇది తప్పక చూడాలి. బండి నెలలకొద్దీ షెడ్డులో ఉండిపోతే ఇంకా త్వరగా పడుతుంది. అబ్బాయి హైదరాబాదులో, బండి ఇక్కడ, నాన్న ఆదివారం అరసవల్లికి మాత్రమే తీస్తారు అన్నట్టుండే బళ్లు మా వీధిలోనే చాలా ఉన్నాయి.

పేట మాస్టారు
డిపో గారూ, మీరు అడిగినవి: మామూలుగా వెళ్తుంటే చాలా కొద్దిగా ఎడమకు లాగుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే కూడా ఎడమకే. మడపాం టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడు ఒకటి రెండుసార్లు వాసన వచ్చింది, ముందున్న లారీదేమో అనుకున్నాను. బ్రేక్ ఆయిల్ నేను కొన్నాక మార్చలేదు. ఎడమ లోపలి ప్యాడ్ పై చివర, కింది చివర కొలత వేరుగానే ఉంది, ఏటవాలుగా అరిగింది.

డిపో రిటైర్డ్
బ్రేకు తొక్కకుండానే ఎడమకు లాగుతోందంటే ఎడమ చక్రం పట్టి ఉంటోంది. తొక్కినప్పుడు మాత్రమే ఎడమకు లాగి ఉంటే కుడివైపు బ్రేకు సరిగ్గా పనిచేయడం లేదా అని కూడా అనుమానించాలి. ఇక్కడ మొదటిదే. ఏటవాలు అరుగుడుకు తొంభై పాళ్లు ఒక పిన్ను కదిలి ఇంకో పిన్ను కదలకపోవడమే కారణం. కాస్తంత ఏటవాలు మంచి బండికీ ఉంటుంది, మీకున్నంత తేడా ఉండదు.

ముందు వేడి చూడండి. ఒక పది కిలోమీటర్లు బ్రేకు తక్కువ వాడుతూ వెళ్లి, మెల్లగా దానంతటదే ఆగేలా ఆపండి. రెండు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. చెయ్యి కాలితే నన్ను తిట్టుకుంటారు.

గంటస్తంభం కుర్రాడు
కరోనా టైములో కొన్న నుదుటి థర్మామీటర్ గన్ ఉంటే దాంతో చూడొచ్చా?

కొత్తవలస లేత్
దానికి 43 డిగ్రీల దాకానే లెక్క తెలుసు. డిస్కు మీద పెడితే కొలత దాటిపోయిందని చెప్పి ఊరుకుంటుంది. వర్క్‌షాపుల్లో వాడే గన్ వేరే ఉంటుంది. అదైనా మెరిసే డిస్కు మీద పెడితే అసలు వేడికన్నా తక్కువ చూపిస్తుంది. అందుకే అంకె నమ్మకండి. రెండువైపులా ఒకే చోట పెట్టి, తేడా మాత్రం చూడండి.

రాజాం అక్క
మాస్టారు గారి టాపిక్‌లో దూరుతున్నాను, క్షమించాలి. మా కారుకి ముందు ప్యాడ్లు 3 మి.మీ. ఉన్నాయి, నాలుగూ సమానంగానే. ఈ వారం ఎస్.కోట మీదుగా అరకు వెళ్దామనుకుంటున్నాం. వచ్చాక మార్చుకోవచ్చా?

సాలూరు ఘాట్
వద్దు అక్కా. వెళ్లే ముందే మార్చుకోండి. నేను సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వైపు బండి నడుపుతాను. 3 మి.మీ. అంటే ఊళ్లో తిరగడానికి ఇంకొన్నాళ్లు వస్తుంది. ఘాట్ దిగడం వేరే లెక్క. ప్యాడ్ పలచబడిన కొద్దీ డిస్కు వేడి త్వరగా పిస్టన్‌కీ, అక్కడి నుంచి ఆయిల్‌కీ చేరుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ ఆ వేడికి మరిగి లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది గానీ బ్రేకు వేయదు. పెడల్ అడుగుకి దిగిపోతుంది.

ప్యాడ్లు మార్చినా సరే, దిగేటప్పుడు రెండో గేరు, మరీ ఏటవాలు చోట మొదటి గేరు. ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికీ అదే. పెడల్ మీద కాలు ఆనించి దిగకండి, తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయండి. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని చెప్పేవాళ్ల మాట వినొద్దు.

డిపో రిటైర్డ్
బాగా చెప్పారు. దానికి లెక్క ఇదీ: డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కి 230, తేమ పట్టాక 155. రెండేళ్లకోసారి మార్చమనేది ఇందుకే. బండిలోని ఆయిల్ డబ్బా మూత మీద ఏది రాసుంటే అదే పోయండి. డాట్ 5 అని విడిగా ఒకటి దొరుకుతుంది, అది సిలికాన్ ఆయిల్, వీటితో కలపకూడదు.

రాజాం అక్క
అయితే ప్రయాణం వచ్చే వారానికి వాయిదా. థాంక్స్ తమ్ముడూ.

పేట మాస్టారు
వేడి చూశాను. కుడి చక్రం దగ్గర చెయ్యి పెట్టి ఉంచగలిగాను. ఎడమ దగ్గర పెట్టలేకపోయాను. వాసన కూడా ఎడమ చక్రానిదే, పాపం లారీది కాదు.

డిపో రిటైర్డ్
ఇక అసలు పరీక్ష. మీ మెకానిక్ దగ్గరే చేయించండి, పక్కన నిలబడండి. చదునైన చోట బండి పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టించండి. ముందు భాగం లేపి స్టాండ్ల మీద ఉంచాలి. ఒట్టి జాకీ మీద వద్దు. గేరు న్యూట్రల్, ఇంజిన్ ఆఫ్.

ముందు కుడి చక్రం చేత్తో తిప్పి ఎంత సులువుగా తిరుగుతుందో చూసుకోండి. యాక్సిల్, గేరుబాక్సు వల్ల కొంత బరువు మామూలుగానే ఉంటుంది, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. తర్వాత ఒకరు బ్రేకు గట్టిగా రెండు మూడుసార్లు తొక్కి పూర్తిగా వదలాలి. వెంటనే ఎడమ చక్రం తిప్పండి. బిగుసుకుని ఉంటే అప్పుడు కాలిపర్ మీద ఆయిల్ బయటికి తీసే నిపిల్‌కి పైపు పెట్టి, ఆ చివర సీసాలో ఉంచి, నిపిల్ కొద్దిగా వదులు చేయండి.

నిపిల్ వదిలాక ఆయిల్ చిమ్మి చక్రం తేలికైతే ప్రెషర్ కాలిపర్‌లో ఇరుక్కుపోయిందన్నమాట. అప్పుడు తప్పు కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ పైపులో గానీ, ఆ పైన, పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌లో గానీ ఉంది. నిపిల్ వదిలినా చక్రం అలాగే బిగుసుకుని ఉంటే పిస్టనో, పిన్నులో, ప్యాడ్ క్లిప్పులో. అంటే ఆయిల్‌తో సంబంధం లేదు, ఇనుము ఇనుమును పట్టుకుంది.

కోట జంక్షన్ స్పేర్స్
హోస్ పైపు లీకైతే ఆయిల్ కారుతుంది కదా. ఆయిల్ తగ్గిందని మాస్టారు ఎక్కడా చెప్పలేదు.

డిపో రిటైర్డ్
లీకవ్వకుండానే చెడుతుంది. బయటికి నిగనిగలాడుతూ ఉంటుంది, లోపలి పొర ఉబ్బి దారి మూసుకుపోతుంది. కాలితో తొక్కినప్పుడు ప్రెషర్ చాలా ఎక్కువ, ఆయిల్ ఎలాగోలా దూరి కాలిపర్‌లోకి వెళ్తుంది. వదిలాక దాన్ని వెనక్కి నెట్టే బలం ఎక్కడిది? పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగేదీ కాలిపర్‌లో లేదు. చదరపు అంచుల రబ్బరు సీలు ఒకటి పిస్టన్ చుట్టూ ఉంటుంది. పిస్టన్ ముందుకు కదిలితే అది మెలిపడుతుంది. ప్రెషర్ పోగానే తన ఆకారానికి తిరిగొస్తూ పిస్టన్‌ను మిల్లీమీటరులో చిన్న వంతు వెనక్కి లాగుతుంది. అంతే. ఆ కాస్త బలానికి ఉబ్బిన పైపులోంచి ఆయిల్ వెనక్కి వెళ్లదు, వెళ్లినా మెల్లగా వెళ్తుంది. హైవే మీద ఈలోగా ప్యాడ్ రాసుకుంటూనే ఉంటుంది.

కొత్తవలస లేత్
ఇంకో చిట్కా. ఇలాంటి ముందు చక్రాల డ్రైవ్ కార్లలో బ్రేకు లైన్లు ఎక్కువగా ఐమూలగా ఉంటాయి. ఎడమ ముందు, కుడి వెనక ఒక లైను. కుడి ముందు, ఎడమ వెనక ఇంకో లైను. ఒకటి పోయినా రెండోది పనిచేయాలని అలా పెడతారు. కాబట్టి తప్పు మాస్టర్ సిలిండర్‌లో ఉంటే కుడి వెనక చక్రం కూడా పట్టి ఉండే అవకాశం ఎక్కువ. పెడల్ బలాన్ని పెంచే బూస్టర్ రాడ్డు సర్దుబాటు తప్పి సిలిండర్ పూర్తిగా వెనక్కి రాకపోతే అన్ని చక్రాలూ పడతాయి. మాస్టారూ, కుడి వెనక చక్రం కూడా లేపించి తిప్పి చూడండి. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ వదిలి ఉండాలి, రాళ్లు ముందు చక్రాలకు పెట్టాలి.

నిర్వాహకుడు
ఒక మనవి. గ్యారేజీల పేర్లు, షాపుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ రాయవద్దు. రెండు పోస్టులు తీసేశాను. చర్చ చాలా బాగుంది, కొనసాగించండి.

పేట మాస్టారు
ఈ రోజు పరీక్ష చేయించాను. మెకానిక్‌కి మొదట విసుగొచ్చింది, తర్వాత అతనికే ఆసక్తి పెరిగి "మళ్లీ తొక్కండి సార్" అన్నాడు.

తొక్కి వదిలాక కుడి చక్రం తేలిక. ఎడమది రెండు చేతులతో తిప్పాల్సి వచ్చింది. నిపిల్ వదలగానే ఆయిల్ కొంచెం చిమ్మింది, చక్రం బాగా తేలికైంది. కానీ కుడివైపంత కాదు. ఇంకా ఎక్కడో రాస్తున్న శబ్దం ఉంది. కుడి వెనక చక్రం హాయిగా తిరుగుతోంది. ఇప్పుడు హోసా, మాస్టర్ సిలిండరా?

డిపో రిటైర్డ్
కుడి వెనక బాగుందంటే అనుమానం హోస్ మీదే. ఖాయం చేసుకోవడానికి ఇంకొక్క పని. నిపిల్ బిగించి మళ్లీ తొక్కి వదలండి, చక్రం మళ్లీ పడుతుంది. ఈసారి నిపిల్ ముట్టుకోకుండా, పైన స్టీలు పైపు హోస్‌కి కలిసే చోట నట్టు వదులు చేయండి. అక్కడ వదిలితే చక్రం తేలికైతే తప్పు పైనుంది. అక్కడ వదిలినా చక్రం కదలక, కింద నిపిల్ వదిలితే కదిలిందా, ఆ రెండింటి మధ్య ఉన్నది హోస్ ఒక్కటే. ఆ నట్టుకు మామూలు ఓపెన్ స్పానర్ వేస్తే మూలలు గుండ్రమైపోతాయి. బ్రేకు పైపులకు వాడే చీలిక రింగు స్పానర్ వేయమనండి. ఇవన్నీ అయ్యాక లైన్లలో చేరిన ఎయిర్ తీయకుండా బండి అడుగు కూడా కదపొద్దు.

మిగిలిన ఆ రాపిడి మన లేత్ గారి పిన్ను. ఇద్దరికీ వాటా దొరికింది.

కోట జంక్షన్ స్పేర్స్
నా పిస్టన్‌కే వాటా లేదన్నమాట. కిట్ అమ్మకం పోయింది.

పేట మాస్టారు
నట్టు పరీక్ష చేశాం. పైన వదిలితే చక్రం కదల్లేదు. కింద నిపిల్ వదిలితే కదిలింది. హోసే.

తర్వాత కాలిపర్ విప్పాం. పై పిన్ను వేలితో నెడితే జారుతోంది. కింది పిన్ను స్పానర్ వేసి మెలితిప్పి లాగాల్సి వచ్చింది. గ్రీజు ఎండిపోయి గోధుమ రంగు తుప్పు పట్టింది, దాని రబ్బరు బూటు మెడ దగ్గర చిరిగి ఉంది. పిస్టన్‌ను మాత్రం నిపిల్ వదులు చేసి క్లాంపుతో నొక్కితే సాఫీగా లోపలికి వెళ్లింది, డస్ట్ కవర్ కూడా బాగుంది. స్పేర్స్ గారూ, క్షమించండి.

మెకానిక్ పిన్నులకు వీల్ బేరింగ్ గ్రీజు పెడతానంటున్నాడు. పర్వాలేదా?

కొత్తవలస లేత్
వద్దు. బేరింగ్ గ్రీజు పెట్రోలియం నుంచి వచ్చేది. బ్రేకుల్లోని రబ్బరుకి అది పడదు, బూట్లు ఉబ్బి పిన్నును మళ్లీ పట్టేస్తాయి. సిలికాన్ గ్రీజు గానీ, కాలిపర్ పిన్నులకని విడిగా అమ్మే గ్రీజు గానీ వాడాలి. అదీ పలచగానే. గుంత నిండా కుక్కితే లోపల గాలి ఇరుక్కుని పిన్ను వెనక్కి తన్నుకొస్తుంది. విడిభాగాలు పెట్రోలుతో, డీజిల్‌తో కడగడం కూడా ఇందుకే వద్దు. బ్రేక్ క్లీనర్ గానీ స్పిరిట్ గానీ వాడండి.

పై పిన్ను, కింది పిన్ను కలిపేయకుండా చూసుకోండి. చాలా కార్లలో రెండూ ఒకేలా ఉండవు, ఒకదానికి చివర రబ్బరు తొడుగు ఉంటుంది. తుప్పు పట్టిన పిన్నును ఎమ్రీ పేపర్‌తో గీకి మళ్లీ వేయకండి. పైన పూత పోయింది కాబట్టి మళ్లీ పడుతుంది. కొత్త పిన్ను, కొత్త బూట్లు.

గంటస్తంభం కుర్రాడు
హోస్ ఎందుకు ఉబ్బుతుంది? వయసు వల్లేనా?

డిపో రిటైర్డ్
వయసు ఒకటి, ఆ బండికి పదిహేనేళ్లు దాటాయి. ఇంకోటి మన వర్క్‌షాపుల అలవాటు. ప్యాడ్లు మార్చేటప్పుడు కాలిపర్ విప్పి హోస్‌కే వేలాడదీస్తారు. ఆ బరువంతా పైపు మీద పడి లోపలి పొర విరుగుతుంది. తీగతో గానీ తాడుతో గానీ సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టాలి. మూడోది, తెలియక స్టీరింగ్ ఆయిలో, ఇంకేదో నూనో బ్రేక్ ఆయిల్ డబ్బాలో పోయడం. అలా జరిగితే ఒక్క హోస్ కాదు, రబ్బరంతా పోతుంది. డబ్బా మూత లోపలి రబ్బరు ఉబ్బి అలలు అలలుగా ఉందేమో చూస్తే తెలిసిపోతుంది. మాస్టారు బండిలో కుడివైపు బాగుంది కాబట్టి ఈ మూడోది కాదు.

హోస్‌లు ముందు రెండూ మార్చండి. కుడిది కూడా అదే వయసుది. హోస్ బోల్టుకు రెండువైపులా రాగి వాషర్లు ఉంటాయి, అవీ కొత్తవే వేయాలి, పాతవి లీకిస్తాయి.

కోట జంక్షన్ స్పేర్స్
ప్యాడ్లు కూడా నాలుగూ మార్చాలి మాస్టారూ. ఇది అమ్మకం కోసం చెప్పడం కాదు. ఎడమ కొత్తవి, కుడి పాతవి అయితే పట్టు తేడా వచ్చి బండి లాగుతుంది. ఇంకో విషయం, మీకు కీచుమని వినిపించింది ప్యాడ్ అరిగాక డిస్కును తాకే చిన్న రేకు, అది చాలా బళ్లలో లోపలి ప్యాడ్‌కే ఉంటుంది. మీది అదృష్టం. బయటి ప్యాడ్ ముందు అరిగి ఉంటే ఆ శబ్దమే వచ్చేది కాదు, ఇనుము డిస్కును తినేదాకా తెలిసేది కాదు. బిగించేటప్పుడు ఆ రేకున్న ప్యాడ్ దాని స్థానంలోనే పడిందో లేదో చూడండి.

కొత్తవలస లేత్
డిస్కు మందం కూడా కొలిపించండి. కనీసం ఎంత ఉండాలో డిస్కు మీదే చెక్కి ఉంటుంది. తుప్పు పట్టి కనిపించకపోతే వైర్ బ్రష్‌తో రుద్దితే కనబడుతుంది. వెర్నియర్‌తో కొలిస్తే దాని దవడలు అంచున అరగకుండా మిగిలిన గట్టు మీద ఆని, ఎక్కువ మందం చూపిస్తుంది. మైక్రోమీటరుతో, ప్యాడ్ రాసే చోట, చుట్టూ నాలుగైదు చోట్ల కొలవాలి. లేత్ మీద పెట్టి చెక్కించాక కూడా ఆ అంకె కంటే ఎక్కువ మిగలాలి. మిగలకపోతే చెక్కే డబ్బులు నాకివ్వకండి, కొత్త డిస్కులు కొనండి.

బారువ ఒడ్డు
బ్రేక్ దుమ్మును గాలి గొట్టంతో ఊదనివ్వకండి. పాత స్టాక్ ప్యాడ్లు, లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవమనండి.

పేట మాస్టారు
పని పూర్తయింది. ముందు హోస్‌లు రెండు, రాగి వాషర్లు, ఎడమ కింది పిన్ను, బూట్లు నాలుగు, ప్యాడ్లు నాలుగు, క్లిప్పులు కొత్తవి. ఎడమ డిస్కు లోపలి ముఖం మీద గీతలున్నా మందం సరిపోయింది, రెండువైపులా పలచగా చెక్కించాం. పాత ఆయిల్ తీస్తే టీ డికాక్షన్ రంగులో ఉంది. నాలుగు చక్రాలకూ కొత్త ఆయిల్ వచ్చేదాకా ఎయిర్ తీశాం. షెడ్డులోంచి బండి తీసే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కమని మెకానిక్ గుర్తుచేశాడు. నిజమే, మొదటి రెండుసార్లు పెడల్ నేలకి దిగింది.

కొత్త ప్యాడ్లకు ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

డిపో రిటైర్డ్
ఖాళీ రోడ్డు చూసుకుని 50 నుంచి 10 దాకా మెల్లగా వేగం తగ్గించండి. పూర్తిగా ఆపకండి. మళ్లీ వేగం పెంచి కాసేపు చల్లారనిచ్చి, మళ్లీ తగ్గించండి. ఓ ఇరవై సార్లు చేస్తే ప్యాడ్ డిస్కుతో కుదురుకుంటుంది. వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కి పట్టుకుని నిలబడకండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ముందు బండికి దూరం ఎక్కువ ఉంచండి. చిలకపాలెం దగ్గర ఆటోలు అడ్డం వస్తాయి, తెలుసు కదా.

సాలూరు ఘాట్
పాత హోస్ పారేయకండి, కోసి చూడండి. నాకు చూడాలనుంది.

పేట మాస్టారు
రెండు నెలల తర్వాత రాస్తున్నాను. సెలవుల్లో ప్యాడ్లు కొలిపించాను. నాలుగూ సమానంగా ఉన్నాయి, ఎడమ కుడి తేడా కంటికి కనబడనంత. ఎడమకు లాగడం పూర్తిగా పోయింది. టోల్‌గేటు దగ్గర వాసన లేదు.

సాలూరు గారి కోసం పాత హోస్ కోయించాం. రబ్బరు మధ్యలో బాగానే ఉంది. పైపును బాడీకి పట్టి ఉంచే ఇనుప క్లాంపు ఉంది కదా, అక్కడే తేడా. క్లాంపు లోపలివైపు తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి రబ్బరును చుట్టూ నొక్కేసింది. లోపలి రంధ్రం అక్కడ గుండుసూది దూరేంత మిగిలింది. కుడి హోస్ క్లాంపుకి కూడా తుప్పు మొదలైంది కానీ ఇంకా నొక్కలేదు.

బారువ ఒడ్డు
నా బండికి ప్యాడ్ క్లిప్పుల కింద జరిగిందే ఇక్కడా జరిగింది. ఈ క్లాంపు సంగతి నేనెప్పుడూ చూడలేదు. రేపే చక్రం తిప్పి టార్చి వేసి చూస్తాను. బయటి నుంచి కనబడుతుందా?

డిపో రిటైర్డ్
కనబడుతుంది. స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పితే చక్రం వెనక హోస్, దాని క్లాంపు బయటపడతాయి. క్లాంపు అంచున రబ్బరు పక్కలకు ఉబ్బి ఉందా, తుప్పు పెచ్చులు ఊడుతున్నాయా చూడండి. వానాకాలం అయ్యాక ఒకసారి చూసుకుంటే చాలు. వెనక చక్రాల దగ్గర కూడా ఇలాంటి హోస్‌లు ఉంటాయి, వాటిని చూసేవాళ్లు ఇంకా తక్కువ.

గంటస్తంభం కుర్రాడు
వెనక డ్రమ్ములో ఒకవైపు లైనర్లే అరిగితే కూడా ఇవే పరీక్షలా?

నిర్వాహకుడు
డ్రమ్ము లైనర్లకు కొత్త టాపిక్ తెరవండి తమ్ముడూ. వీల్ సిలిండర్, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, అడ్జస్టర్ అన్నీ అందులో మాట్లాడుకుందాం. మొదటి పోస్టులోనే నాలుగు లైనర్ల కొలతలు పెట్టండి, డిపో గారు ఎలాగూ అడుగుతారు.